అత్తగారు చింతపండుతో తోమిన రోమన్ నాణేలు

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు నలభై దాటింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, ఎనిమిదేళ్ల పాప. నాలుగేళ్ల కిందట పాపను తీసుకుని దగ్గర్లోని సిల్చెస్టర్‌కు వెళ్లారట. రోమన్ల కాలపు ఊరి ప్రహరీ గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్న చోటది. ఇంటికొచ్చాక పాప కోసం 12 పౌండ్లు పెట్టి ఒక చిన్న కంచు నాణెం కొన్నారు. దాని మీద ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత, రెండో వైపు కవల పిల్లలకు పాలిస్తున్న తోడేలు. అక్కడ మొదలైన సరదా ఇప్పుడు 230 నాణేలకు చేరింది. ఖర్చు మొత్తం 4,600 పౌండ్లు. భార్య అడిగినప్పుడల్లా "రెండు మూడు పౌండ్లవేలే" అంటూ వచ్చారు.

ఈ మధ్య తెనాలి నుంచి అత్తగారు వచ్చారు. శ్రావణ శుక్రవారానికి ముందు రోజు పూజ సామాను తోముతూ, అల్లుడి బల్ల మీద ట్రేలో ఉన్న నాణేలు చూశారు. పాపం చిలుము పట్టిపోయాయని పదకొండింటిని చింతపండు, ఉప్పు వేసి తోమి, కుళాయి కింద కడిగి, తుడిచి, వరసగా పేర్చి పెట్టారు. వాటిలో 420 పౌండ్లు పెట్టి కొన్న, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కాలపు సెస్టెర్షియస్ అనే పెద్ద నాణెం ఒకటి. ఆఫీసు నుంచి వచ్చి చూసిన ఈయన అందరి ముందూ అరిచేశారు. "నాలుగు వందల పౌండ్లు బుగ్గిపాలు చేశారు" అన్న మాట నోరు జారింది. అత్తగారు అప్పటి నుంచి గది దాటి రావడం లేదు, టికెట్ ముందుకు జరిపించమంటున్నారు. భార్య పట్టుకున్నది మాత్రం ఆ నాలుగు వందల అంకెని. పైగా వచ్చే ఏడాది హైదరాబాద్ తిరిగి వచ్చేయాలని అనుకుంటున్నారు. "అన్నీ అమ్మేసి రా, లేకపోతే నేనూ పాపా ముందు వెళ్లిపోతాం" అంటోందట ఆవిడ. "అసలు ఆ రోము రాజులతో మనకేం సంబంధం?" అని కూడా అడిగిందట. పాప ప్రశ్న ఇంకొకటి: "అమ్మమ్మ ఏం తప్పు చేసింది నాన్నా?" ఇంతలో తోమిన నాణేల్లో రెండింటి మీద లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తోంది. నాణేలను బతికించుకోవచ్చా, ఇంట్లో ఎలా సర్దుకోవాలి, అమ్మాలా, ఇండియాకు తేవాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

మీ ఉత్తరంలో తొందరగా చేయాల్సిన పనీ ఉంది, తొందరపడకూడని పనులూ ఉన్నాయి. ఆ ఆకుపచ్చ పొడి సంగతి ఈ రోజే చూడాలి కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అది మామూలు చిలుము కాదు. నాణేలు సేకరించేవాళ్లు దాన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. రాగి ఉన్న లోహంలో క్లోరైడ్ చిక్కుకుని ఉంటే, గాలిలోని తేమ, ఆక్సిజన్ తగిలినప్పుడు అది లోహాన్ని తినేస్తూ ఇలా పొడిగా బయటికి వస్తుంది. మీ నాణేల విషయంలో చింతపండు పులుపు పైపొరను తీసేసింది, ఉప్పు క్లోరైడ్‌ను అందించింది. వందల ఏళ్లు మట్టిలో ఉన్నప్పుడు చేరిన క్లోరైడ్ కూడా పొర కింద ఉండి ఉంటుంది. ఆ పొర పోయేసరికి దానికీ తేమ తగిలింది. అనుమానం తీరాలంటే టూత్‌పిక్‌తో మెల్లగా గీకి చూడండి. పొడిలా రాలి, కొద్ది రోజుల్లో మళ్లీ అక్కడే మొలిస్తే అదే రోగం. గట్టిగా, నున్నగా, గోటికి ఊడకుండా ఉన్న ఆకుపచ్చ పొర అయితే ముట్టుకోవద్దు. నాణేన్ని ఇన్నాళ్లూ కాపాడింది అదే.

పొడి కనిపించిన రెండింటినే కాదు, పదకొండింటినీ డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లలో వేయండి. కార్ల సామాను అమ్మే షాపుల్లో క్యాన్లలో దొరుకుతాయి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనూ క్లోరైడ్ ఉంటుంది. గాజు గిన్నెల్లో విడివిడిగా వేసి, మొదటి వారం రోజూ నీళ్లు మార్చండి. తర్వాత రెండు మూడు రోజులకోసారి మార్చినా చాలు. కొన్ని వారాలు పడుతుంది. పొడి వచ్చిన రెండింటికి సోడియం సెస్క్వికార్బొనేట్ కలిపిన పలచటి ద్రావణం వాడతారు. నూటికి 5 పాళ్లు మించకూడదు. దానివల్ల రంగు ఇంకొంచెం మారే అవకాశం ఉంది, ఆ సంగతి తెలిసే వేయండి. తీశాక మెత్తటి గుడ్డతో అద్ది, వెచ్చగా ఉన్నచోట పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. మిగతా నాణేలతో కలపకండి. కనీసం రెండు మూడు నెలలు అప్పుడప్పుడూ భూతద్దంతో చూస్తూ ఉండండి.

బెంజోట్రయజోల్ అనే రసాయనం గురించి ఎవరో ఒకరు చెబుతారు. మ్యూజియం ల్యాబుల్లో వాడతారు, పని చేస్తుంది కూడా. కానీ అది ఒంటికి మంచిది కాదు. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో వంటగది గట్టు మీద చేసే పని అసలే కాదు. హాడ్రియన్ నాణెం మీద మీకు అంత మమకారం ఉంటే పాత లోహ వస్తువులను బాగుచేసే నిపుణుడికి (కన్జర్వేటర్‌కు) చూపించండి. ఫీజు ముందే కనుక్కోండి. ఒక్కోసారి నాణెం ఇప్పటి ధర కంటే అదే ఎక్కువవుతుంది.

పోయిన పొర మాత్రం తిరిగి రాదు. రసాయనాలతో మళ్లీ నల్లబరిచేవాళ్లు ఉన్నారు. మీకోసం చేయించుకుంటే అది మీ ఇష్టం. ఎప్పుడైనా అమ్మేటప్పుడు మాత్రం "తోమిన నాణెం" అని రాసే అమ్మాలి. ధర బాగా తగ్గుతుంది, అందులో దాపరికం లేదు.

అయితే ఒక విషయం చెప్పనివ్వండి. సెస్టెర్షియస్ నిజానికి కంచు కాదు. రాగిలో జింక్ కలిపిన ఇత్తడి. రోమన్లు దాన్ని ఓరికాల్కమ్ అనేవారు. ముద్ర వేసి బయటికి వచ్చిన రోజున అది పచ్చగా, బంగారంలా మెరిసేది. పక్కనే తిరిగే 'ఆస్' నాణెం ఎర్రటి రాగి. నాలుగు ఆస్‌లు ఒక సెస్టెర్షియస్, నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక వెండి దినారియస్. చూడగానే రంగుని బట్టి ఏది ఏదో తెలిసేది. మీ అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకోగానే ఇది ఇత్తడే అని గుర్తుపట్టారు. జీవితమంతా ఇత్తడి చెంబులూ కుందులూ తోమిన చెయ్యి అది, పొరబడలేదు. సేకరించేవాళ్ల లెక్కలో ఆమె నష్టం చేశారు, అందులో అబద్ధం లేదు. కానీ హాడ్రియన్ కాలంలో రొట్టెల కొట్టువాడి చేతిలో ఆ నాణెం ఏ రంగులో ఉండేదో, ఇప్పుడు మీ బల్ల మీద దాదాపు ఆ రంగులోనే ఉంది. ఒకసారి ఆ కళ్లతో కూడా చూడండి.

ఇక అత్తగారి సంగతి. మీరు అరిచింది అందరి ముందు కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలి. "అత్తయ్యా, నేను అలా అరవకుండా ఉండాల్సింది, తప్పు నాది" అంటే చాలు. ఆ మాట వెనకే "కానీ ఆ నాణేలు..." అని మొదలుపెడితే చెప్పిన క్షమాపణ కూడా పోతుంది. పాటినా (ఆ పాత పైపొర), క్లోరైడ్ కథలు ఆ రోజు వద్దు. ఆమె అడిగిన రోజు చెప్పండి. అడగకపోతే మానేయండి. టికెట్ విషయంలో మీ ఆవిడను మధ్యవర్తిని చేయొద్దు. "మీరు ఉంటే మాకు బాగుంటుంది, వెళ్లాలనే ఉంటే నేనే ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తాను" అని మీ నోటితో మీరే చెప్పండి. ఆమె ఉండిపోవచ్చు, వెళ్లిపోవచ్చు. వెళ్లినా ఆ మాట ఆమెతోపాటు తెనాలి వెళ్తుంది.

గిన్నెల్లో నీళ్లు మార్చే పని ఆమెకు అప్పగిస్తే అందరూ కలిసిపోతారని మీకు ఎవరైనా చెప్పొచ్చు. నేను చెప్పను. పెద్దావిడకు అది ప్రాయశ్చిత్తం చేయిస్తున్నట్టు ఉంటుంది. తనంతట తానే వచ్చి "నేను మారుస్తాలే" అంటే అది వేరు.

పాప అడిగిన దానికి జవాబు సులువు. అమ్మమ్మ ఏ తప్పూ చేయలేదు. వాటిని తోమకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నాన్న. ఎనిమిదేళ్ల పిల్లకు ఇది బాగానే అర్థమవుతుంది.

మీ ఆవిడ కోపం దగ్గరికొస్తే, దాన్ని నాణేల మీద కోపంగా మీరు చదువుకుంటున్నట్టు ఉంది. నాకు అలా అనిపించలేదు. నాలుగేళ్లు అడిగిన ప్రతిసారీ మీరు ఒకే అబద్ధం చెప్పారు. ఆవిడకు నిజం తెలిసింది కూడా మీరు చెప్పినందుకు కాదు, వాళ్ల అమ్మ మీద అరుస్తుంటే విని తెలుసుకుంది. 4,600 పౌండ్లు నాలుగేళ్లకు పంచితే నెలకు వంద లోపే. మీ ఇద్దరి జీతాలకు అది పెద్ద భారం కాకపోవచ్చు. ముందే చెప్పి ఉంటే ఆవిడ ఒకటి రెండుసార్లు విసుక్కుని ఊరుకునేదేమో. ఇప్పుడు ఆవిడకు వచ్చే అనుమానం వేరు: ఇంకా ఏమేం ఇలా చెప్పాడు అని. దానికి మందు ఒకటే, మొత్తం లెక్క. 230 నాణేలకూ ఒక షీట్ తయారు చేయండి. ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఎంతకు, ఏ ఖాతాలోంచి అన్నవి రాయండి. రసీదు లేనిచోట లేదనే రాయండి. తగ్గించి చూపించాలని అనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయొద్దు. షీట్ చూశాక ఆవిడకు ఇంకా ఎక్కువ కోపం రావచ్చు. రానివ్వండి. ఇదే లెక్క ఆవిడ రేపు బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి తనే కనిపెట్టే కంటే అది నయం.

"రోము రాజులతో మనకేం సంబంధం" అని ఆవిడ అడిగింది ఎత్తిపొడుపే కావచ్చు, కానీ దానికి నిజమైన జవాబు ఉంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన కుండలో వెయ్యికి పైగా రోమన్ వెండి దినారియస్‌లు ఉన్నాయి. అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల కాలానివి. ఆంధ్ర ప్రాంతంలో వినుకొండ దగ్గర బంగారు నాణేలు దొరికాయి. మన మిరియాలకూ ముత్యాలకూ బట్టలకూ ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు ఇండియాకు పోతున్నాయని ప్లినీ అనే రోమన్ రచయిత మొత్తుకున్నాడు. లెక్క సెస్టెర్షియస్‌లలో చెప్పాడు కానీ ఓడల్లో వచ్చినవి ఎక్కువగా వెండీ బంగారమే. అంత దూరం ఇత్తడి చిల్లర మోసుకొస్తే వర్తకుడికి ఏం మిగులుతుంది? కంచు, రాగి, ఇత్తడి నాణేలు అక్కడి ఊళ్లలో, సైనికుల శిబిరాల్లో తిరిగిన డబ్బు. రోమన్ల నాటి పాంపే నగరంలో ఒక గోడ మీద రాసి ఉంది: ఒక ఆస్ ఇస్తే వైన్ తాగొచ్చు, రెండిస్తే కాస్త మంచిది, నాలుగిస్తే పేరున్న ఫలెర్నియన్ వైనే తాగొచ్చు అని. వెండి దినారియస్ దాచుకునే సొమ్ము, ఈ చిల్లర రోజూ చేతులు మారే సొమ్ము. మీ నాణేల మీద రాజు ముక్కు అరిగిపోయి ఉన్నది అందుకే. నాకు ఈ అరిగిన నాణేలంటే చాలా ఇష్టం. మీకూ అదే నచ్చి ఉంటుందని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఈ నాలుగేళ్లలో ఇలా మీ ఆవిడకు ఒక్కసారైనా చెప్పారా? ఆవిడకు ధర చెప్పకుండా ఉండాలని అసలు కబురే చెప్పడం మానేసినట్టున్నారు.

ఇప్పుడు అమ్మకం గురించి. మూడు దారులు కనిపిస్తున్నాయి.

అన్నీ అమ్మేస్తే ఇంట్లో గొడవ త్వరగా చల్లారుతుంది, హైదరాబాద్ ప్రయాణమూ తేలికవుతుంది. డబ్బు మాత్రం బాగా పోతుంది. డీలర్లు మీరు కొన్న ధరలో సగం దగ్గర అడగడం మామూలే. వేలంలో పెడితే కమిషన్ పోతుంది, పైగా సాధారణమైన నాలుగో శతాబ్దపు చిన్న నాణేలను విడిగా పెట్టరు, పది ఇరవై కలిపి ఒక లాట్‌గా అమ్మేస్తారు. డబ్బు కంటే నాకు భయం వేసేది ఇంకొకటి. కోపంలో అమ్మించిన వస్తువు పేరు ఆ ఇంట్లో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంటుంది. పండక్కీ పబ్బానికీ ఎవరో ఒకరు ఎత్తుతారు.

అన్నీ ఉంచుకుని, ఇకనుంచి నెలకు ఇంత అని ఇద్దరూ ఒప్పుకున్న మొత్తంలోనే కొంటానంటే, మాట నిలబెట్టుకోగలరా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. ఇంకో ఏడాదిలో దేశం మారేవాళ్లకు ఇది అంత పనికొచ్చే దారి కాదు.

మూడోది, చాలావరకు వదిలేసి ఒక చిన్న అంశం మీద నిలబడటం. మీ జాబితా చూస్తే నాకు అదే సరైనదనిపిస్తోంది. లండన్ టంకశాలలో ముద్రించిన, 'PLON' అనే అక్షరాల గుర్తున్న నాణేలు మీ దగ్గర ఏడు ఉన్నాయని రాశారు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలంలో, దాదాపు క్రీ.శ. 325లో ఆ టంకశాల మూతపడింది. మీరు ఉంటున్న దేశంలో తయారైన నాణేలు, పాప మొదటి తోడేలు నాణెం, సిల్చెస్టర్ జ్ఞాపకంగా ఒకటి రెండు, ఆ హాడ్రియన్. పాతిక ముప్పై చాలు. మిగతావి నిదానంగా అమ్మి, వచ్చిన డబ్బు మీ ఆవిడ చెప్పిన ఖాతాలో వేయండి. ఏది ఉంచాలో ఏది అమ్మాలో ఈ నెలలో తేల్చకండి. పాప నాణెం మాత్రం అమ్మే జాబితాలోకి రాకూడదు, అది మీది కాదు.

అమ్మే ముందు ఇంకో తేడా చూడాలి. మట్టితో సహా కిలోల లెక్కన కొన్న 'క్లీన్ చేయని' లాట్‌లు రెండున్నాయన్నారు, వాటికి ఏ కాగితమూ లేదు. అలాంటివి ఎక్కువగా బాల్కన్ దేశాల నుంచి వస్తుంటాయి. వాటిలో చాలా భాగం అనుమతి లేకుండా తవ్వి తీసినవే. అక్కడి పొలంలో ఏ గోడ పక్కన, ఏ కుండలో ఉందో తెలిస్తే ఒక ఊరి చరిత్ర చెప్పగల నాణెం, మెటల్ డిటెక్టర్‌తో వెతికేవాడి సంచిలో పడ్డాక ఏమీ చెప్పలేదు. అలాంటి లాట్‌లు ఇక కొనొద్దని గట్టిగా చెబుతాను. 2010లో ఇంగ్లండ్‌లో, సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయన డిటెక్టర్‌కు ఒక పెద్ద కుండ తగిలింది. ఆయన దాన్ని పెకిలించకుండా ఆపి పురావస్తు శాస్త్రజ్ఞులకు కబురు పెట్టాడు. వాళ్లు పొరలు పొరలుగా తీస్తే 52,503 నాణేలు తేలాయి. కుండలో ఏవి కింద, ఏవి పైన ఉన్నాయో తెలియబట్టే, అన్నీ ఒక్కసారే పోసి ఉంటారని చెప్పగలిగారు. ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం ఒకేచోట పది లేదా అంతకు మించి పాత కంచు నాణేలు దొరికితే కబురు చెప్పి తీరాలి. మ్యూజియంలు అక్కర్లేదన్నవి దొరికినవాళ్లకు తిరిగి ఇస్తారు, అవి రికార్డు నంబరుతో సహా మార్కెట్‌కు వస్తాయి. కాస్త ఎక్కువ పెట్టాల్సి వచ్చినా అలాంటివే కొనండి.

ఇండియాకు తేవడం విషయంలో జాగ్రత్త. మన 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి తీసుకెళ్లడం నిషిద్ధం. అంటే ఒకసారి హైదరాబాద్ చేరాక, రేపు పాప చదువుకని మళ్లీ ఇంగ్లండ్ వెళ్లినా ఈ నాణేలు వెంట రావడం చాలా కష్టం. ఇండియాలో పురావస్తువుల వ్యాపారం చేయాలన్నా లైసెన్స్ ఉండాలి, కాబట్టి ఇక్కడికొచ్చాక నిదానంగా అమ్ముకుందాం అనుకోవద్దు. అమ్మేవి అక్కడే అమ్మేయండి. తెచ్చేవాటిని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తేవొద్దు. జాబితా, ఫొటోలు, రసీదులతో కస్టమ్స్‌లో డిక్లేర్ చేయండి. సుంకం ఎంత పడుతుందో బయలుదేరే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బ్రిటన్ నేలలో దొరికిన పాత వస్తువులకు అక్కడ నుంచి బయటికి తేవడానికి కూడా ఎగుమతి లైసెన్స్ అవసరం కావచ్చు, ధర ఎంత తక్కువైనా సరే. మీ లండన్ నాణేల్లో అక్కడే దొరికినవి ఉంటే ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్‌లో లైసెన్సులు చూసే విభాగాన్ని ముందుగా సంప్రదించండి.

కొన్నింటిని అక్కడే నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచే దారీ ఉంది. చట్టపరంగా చిక్కు తక్కువ. కానీ ఇంకొకరి ఇంట్లో దాచిన నాణేలు మళ్లీ దాచిన నాణేలే. మీ ఆవిడకు తెలిసి, ఆవిడ సరేనంటేనే ఆ పని చేయండి. ఆ షీట్ కూడా ఆవిడ ఫోన్‌లో ఒక కాపీ ఉండాలి. కొత్తది కొంటే అదే రోజు అందులోకి ఎక్కాలి.

సిలికా జెల్ పొట్లాలు పాప చేతికి అందకుండా పెట్టండి. మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో నాణేలు ఉంచి ఉంటే ఈ వారమే తీసేయండి. పీవీసీ కవర్ల నుంచి జిగురుగా ఆకుపచ్చగా ఒకటి కారి నాణేలకు అంటుకుంటుంది, చూసి దాన్ని కూడా బ్రాంజ్ డిసీజ్ అనుకుని కంగారు పడతారు. ఆమ్లం లేని కాగితపు కవర్లు చాలు, అవి చవకే. ట్రే మీద మూత పెట్టి, ఇంట్లో అందరూ చదివేలా తెలుగులో ఒక చీటీ అంటించండి: వీటిని తడపకండి, తోమకండి.